అమెరికా డ్యూయల్, తిరుపతి కరెంటు, మధ్యలో ఒక సాధారణ గాంధారం

గత వేసవిలో ఒక డ్యూయల్ 1219 రికార్డ్ ప్లేయర్ నా బల్ల మీదికి వచ్చింది. జర్మనీలో తయారై అమెరికా మార్కెట్‌కి వెళ్ళిన పీసు. యజమాని తిరుపతి బైరాగిపట్టెడలో ఉండే ఒక రిటైరైన సంగీతం మాస్టారు. పేరు ఇక్కడ అవసరం లేదు. ఆయన కంప్లైంట్ ఒక్క మాటలో తేలిపోయింది: "పాటలన్నీ ఈడస్తా ఉండాయప్పా."

పాత ప్లేయర్లు బాగుచేసేవాడికి ఈ మాట కొత్త కాదు. లోపలి రబ్బరు చక్రం గట్టిపడి జారుతుంటుంది, లేదా బేరింగ్‌లో నూనె జిగురైపోయి ఉంటుంది. శుభ్రం చేసి, నూనె మార్చి, రబ్బరు మీద సన్నని గరుకు కాగితం ఆడిస్తే సగం కేసులు అక్కడే ముగుస్తాయి. ఇది మాత్రం అలా ముగియలేదు. స్పీడు చూసే కార్డు "అంతా కరెక్టే" అంటోంది, మాస్టారి చెవి "కాదు" అంటోంది. ఈ కేసు రాయాలనిపించింది ఆ పేచీ వల్లే.

ప్లేయర్ కన్నా ముందు రికార్డుల సంగతి చెప్పాలి. మాస్టారికి మూడు రకాలూ ఉన్నాయి. అన్నిటికన్నా పాతవి 78 స్పీడు, అంటే నిమిషానికి 78 చుట్లు తిరిగే లక్క ప్లేట్లు. అందులో చిత్తూరు నాగయ్య పాడిన 'త్యాగయ్య' (1946) పాటలు ఉన్నాయి. నాగయ్య పేరు ముందు మా పాత జిల్లా పేరు ఉంది కాబట్టి ఆ ప్లేట్లకు ఆ ఇంట్లో ప్రత్యేకమైన అర. తర్వాత 45 స్పీడు ఈపీలు, ఎక్కువగా ఘంటసాల, సుశీల. ఆపైన 33⅓ స్పీడు ఎల్‌పీలు. 'శంకరాభరణం' (1980) ఎల్‌పీ అట్ట అంచులు అరిగి దూదిలా అయిపోయింది. ఎన్నిసార్లు తీసి పెట్టారో అట్టే చెబుతోంది.

పాత సినిమా పాటల రికార్డులు పోగుచేసేవాళ్ళకి ఒక విషయం తెలుసు, బయటివాళ్ళకి అంతగా తెలియదు. పది అంగుళాల 78 ప్లేటు ఒక వైపు మూడు నిమిషాలకు కాస్త పైన మాత్రమే పడుతుంది. అందుకని సినిమాలో పొడుగ్గా ఉన్న పాటని ప్లేటు కోసం కుదించడం, లేదా రెండు వైపులకీ విడగొట్టడం ఉండేది. తెర మీద విన్న పాట, ప్లేటు మీద విన్న పాట కొన్నిసార్లు ఒకటి కావు. మాస్టారి ఆసక్తి అంతా ఆ తేడాల్లోనే. ఏ చరణం పోయింది, ఏ సంగతి మారింది అని నోటు పుస్తకంలో రాసుకునే మనిషి. అలాంటాయనకి స్పీడు తప్పిన ప్లేయర్ ఇస్తే ఊరుకుంటారా?

అమెరికాలో ఉన్న కొడుకు అక్కడ ఎవరింట్లోనో సామాన్లు అమ్ముతుంటే ఈ ప్లేయర్ కొన్నాడు. వస్తూ వస్తూ సూట్‌కేసులో బట్టల మధ్య పెట్టుకొచ్చాడు. తెలివైన కుర్రాడు, 110 ఓల్టుల మిషన్ అని చూసుకుని స్టెప్ డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ కూడా కొనిపెట్టాడు. స్పీడు సరిచూసుకోమని గీతల కార్డు, అంటే స్ట్రోబ్ కార్డు, అమెరికా నుంచే తెచ్చాడు. మోటారు తిరిగింది, లైటు వెలిగింది, చెయ్యి దానంతట అదే లేచి వెళ్ళి రికార్డు మీద వాలింది. పాట మాత్రం బరువుగా, నిద్రమత్తులో పాడినట్టు వచ్చింది. ఊళ్ళో ఒక షాపులో చూపిస్తే సూది అరిగిందన్నారు, మార్చారు. ఇంకో చోట బెల్టు సాగిందన్నారట. ఈ మోడల్‌కి బెల్టే లేదు.

నా దగ్గరికి వచ్చినప్పుడు మాస్టారు చేతిలో ప్లేయర్‌తో పాటు ఎలక్ట్రానిక్ శ్రుతి పెట్టె కూడా ఉంది. ఆయన ఇంట్లోనే ఒక పరీక్ష చేసుకొచ్చారు. 'శంకరాభరణం' ఎల్‌పీ వేసి, పాట షడ్జం, అంటే 'స', ఎక్కడ పలుకుతోందో శ్రుతి పెట్టెతో పట్టుకున్నారు. అదే పాట ఫోన్‌లో విని దాని షడ్జం పట్టుకున్నారు. నెట్‌లో ఉండే పాటల శ్రుతిని పూర్తిగా నమ్మలేం, ఎక్కించినవాళ్ళ టేపు ఎలా నడిచిందో ఎవరికి తెలుసు. ఆ సంగతి ఆయనకీ తెలుసు. అందుకే ఒక్క పాటతో ఆగకుండా ఈపీలు, ఎల్‌పీలు అన్నీ కలిపి చాలా చూశారు. అన్నిట్లోనూ దిగుడు ఒకటే.

"ఇప్పుడు వచ్చే షడ్జాన్నే షడ్జం అనుకుంటే, రావాల్సిన షడ్జం సాధారణ గాంధారం మీద ఉండాది నాయనా. ఎక్కడా ఒక పిసరు ఇటూ అటూ లేదు" అన్నారు. అని ఊరుకోకుండా, "శంకరాభరణ రాగంలో లేని గాంధారం మీ మిషన్లో ఎట్ల దూరిందో చూడు" అని నవ్వారు. గాంధారం అంటే 'గ'; అందులో సాధారణం కాస్త కింద, అంతరం దాని పైన. ఆ రాగానిది అంతర గాంధారం. జోకు నాకు అర్థం కావడానికి కాస్త టైం పట్టింది కానీ, జోకు ముందు ఆయన చెప్పిన మాటతోనే రోగం దొరికిపోయింది.

సాధారణ గాంధారానికీ షడ్జానికీ మధ్య కంపనాల నిష్పత్తి 6కి 5. అమెరికా కరెంటు సెకనుకి 60 సార్లు దిశ మారి తిరిగే 60 హెర్ట్జ్. మనది 50. అదీ 6కి 5!

ఈ రకం ప్లేయర్లో సింక్రనస్ మోటారు ఉంటుంది. అది ఓల్టేజీని బట్టి కాదు, కరెంటు ఫ్రీక్వెన్సీని బట్టి తిరుగుతుంది. ట్రాన్స్‌ఫార్మర్ 230ని 110 చేస్తుంది కానీ 50ని 60 చేయలేదు. కాబట్టి 60 కోసం చేసిన మిషన్ మన దగ్గర ఆరింట అయిదు వంతుల వేగంతోనే తిరుగుతుంది. 33⅓ తిరగాల్సిన పళ్ళెం నిమిషానికి 27.8 చుట్లు తిరుగుతుంది. ఇరవై నిమిషాల ఎల్‌పీ వైపు ఇరవై నాలుగు నిమిషాలు సాగుతుంది.

మరి స్ట్రోబ్ కార్డు ఎందుకు కరెక్టని చూపించింది? అసలు చిక్కుముడి ఇదే, కాస్త నెమ్మదిగా చెప్పుకుందాం.

కార్డు మీద చుట్టూ నల్ల గీతలుంటాయి. మెయిన్స్ మీద వెలిగే నియాన్ బల్బు కరెంటు ఒక్కో ఆవృత్తికి రెండుసార్లు మినుకుతుంది. ఒక మినుకుకీ మరో మినుకుకీ మధ్య సరిగ్గా ఒక గీత జరిగితే, కంటికి గీతలు కదలకుండా నిలబడినట్టు కనిపిస్తాయి. అమెరికాలో నిమిషానికి 7200 మినుకులు. దాన్ని 33⅓తో భాగిస్తే 216. అందుకే అమెరికా కార్డు మీద 33⅓ వరుసలో 216 గీతలుంటాయి. మన దగ్గర నిమిషానికి 6000 మినుకులు, కాబట్టి మన కార్డుకి 180 గీతలు ఉండాలి.

ఇప్పుడు 216 గీతల కార్డుని తిరుపతిలో నిమిషానికి 27.8 చుట్లు తిరిగే పళ్ళెం మీద పెట్టండి. నిమిషానికి కదిలే గీతలు 216 ఇంటూ 27.8, అంటే దాదాపు 6000. మన బల్బు మినుకులూ 6000. గీతలు రాయిలా నిలబడతాయి! మోటారు, బల్బు రెండూ ఒకే కరెంటు తాగుతున్నాయి. రెండూ ఒకే వంతున తగ్గాయి. కార్డుకి ఆ తగ్గుదల కనపడే దారే లేదు. మాస్టారికి ఇది కాగితం మీద లెక్క వేసి చూపించాను. ఆయన కాసేపు చూసి, "సాక్షి, దొంగ ఇద్దరూ ఒకే ఇంటోళ్ళన్నమాట" అన్నారు.

లెక్క కుదిరింది కదా అని విప్పడం మొదలుపెట్టే అలవాటు నాకు లేదు. రబ్బరు జారుడు కూడా దీనికి తోడై ఉండొచ్చు. పళ్ళెం అంచున చిన్న కాగితం ముక్క అంటించి, ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టి చుట్లు లెక్కపెట్టాం. 33⅓లో దాదాపు ఇరవై ఎనిమిది. 45లో ముప్పై ఏడున్నర. 78లో అరవై అయిదు. మూడూ ఒకే నిష్పత్తి. కరెంటు తేడాకీ రబ్బరు తేడాకీ గుర్తు ఇక్కడే దొరుకుతుంది. రబ్బరు జారితే మూడు స్పీడులూ ఒకేలా తగ్గవు, సూది బరువు పడ్డప్పుడు ఇంకా తగ్గుతాయి, మిషన్ వేడెక్కాక మారతాయి. ఇది చల్లగా ఉన్నా వేడిగా ఉన్నా అదే అంకె మీద కదలకుండా ఉంది. రికార్డు మీద సూది పెట్టి లెక్కపెట్టినా అంతే.

ఇంకో మాట. ఈ కార్డు పరీక్షకి ఇళ్ళల్లో వెలిగే ఎల్‌ఈడీ బల్బులు పనికిరావు. చాలావాటిలో లోపలి సర్క్యూట్ మినుకుని చదును చేసేస్తుంది. పాత ఎక్స్‌టెన్షన్ బాక్సు మీద ఉండే ఎర్ర నియాన్ ఇండికేటర్ దగ్గరగా పెట్టి, గదిలో మిగతా లైట్లు ఆర్పితే సరిపోతుంది.

వైద్యం విషయానికి వస్తే దారులు మూడున్నాయి. ఒకటి, ప్లేయర్‌కి విడిగా 60 హెర్ట్జ్ కరెంటు తయారుచేసి ఇచ్చే పెట్టె. పని చేస్తుంది. కానీ మంచిది కొంటే ప్లేయర్ ధర దాటిపోతుంది. ఇంట్లో ఇన్వర్టర్ ఉంది కదా అని మాస్టారు అడిగారు. మామూలు ఇన్వర్టర్ ఇచ్చేది 50 హెర్ట్జే. అది స్క్వేర్ వేవ్ రకమైతే మోటారు గీ అని మూలుగుతుంది, వేడెక్కుతుంది. ఎండాకాలం కరెంటు కోతల్లో పాటలు వినకపోయినా నష్టం లేదు, ఇన్వర్టర్ మీద మాత్రం నడపొద్దని చెప్పాను.

రెండు, మోటారు కొసన ఉండే పుల్లీని లేత్ మీద కొత్తగా తిప్పించడం. ఈ ప్లేయర్లో మోటారు పుల్లీ రబ్బరు చక్రాన్ని, రబ్బరు చక్రం పళ్ళెం లోపలి అంచుని తిప్పుతాయి. పుల్లీ వ్యాసం 1.2 రెట్లు చేస్తే వేగం సరిపోతుంది. వినడానికి చాలా తేలిక. మన ఊళ్ళో రైల్వే క్యారేజ్ రిపేర్ షాపులో టర్నర్‌గా చేసి రిటైరైన ఒక పెద్దాయన ఉన్నారు, నాకు చిన్న చిన్న ఇత్తడి పనులు చేసిపెడుతుంటారు. పాత పుల్లీ ఆయన చేతిలో పెట్టాను. కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి, కళ్ళద్దాలు పైకి నెట్టి, వేళ్ళ మధ్య తిప్పి తిప్పి చూశారు. మూడు స్పీడులకి మూడు మెట్లు. స్పీడుని సన్నగా సవరించే నాబ్ ఉండటం వల్ల ప్రతి మెట్టూ నిటారుగా కాకుండా కొంచెం వాలుగా ఉంటుంది. రబ్బరు చక్రం ఆ వాలు మీద కాస్త పైకీ కిందకీ జరుగుతుంది, దానివల్ల వేగం మారుతుంది. "మెట్లు కోసేస్తా, వాలు కూడా కోస్తా. రంధ్రం నడిమధ్యకి రాకపోతే ఏమవుతాది?" అని అడిగారు. పాట వణుకుతుందని చెప్పాను. "అయితే ఒరిజినల్ తెప్పించుకోండి సార్" అని తిరిగి ఇచ్చేశారు. చేయగలిగిన మనిషి చేయొద్దని చెబితే ఆ మాటకి విలువ ఎక్కువ.

మూడోది, కంపెనీ వాళ్ళు యూరప్ కోసం చేసిన 50 హెర్ట్జ్ పుల్లీ. డ్యూయల్ వాళ్ళు మోటారు అదే ఉంచి, దేశాన్ని బట్టి పుల్లీ మార్చేవాళ్ళు. జర్మనీలో పాత విడిభాగాలు అమ్మేవాళ్ళ దగ్గర దొరికింది. పుల్లీ కన్నా పోస్టేజీ ఎక్కువైంది. కొడుకే కట్టాడు.

స్పీడు సవరించే నాబ్‌తోనే పని కానిచ్చేయొచ్చు కదా అని ఎవరైనా అడగొచ్చు. ఆ నాబ్ మొత్తం మీద కదిపేది ఆరు శాతం, సుమారు అర స్వరం. మనకి కావలసింది ఇరవై శాతం.

పుల్లీ వచ్చేలోపు మిగతా పని చేశాను. యాభై ఏళ్ళ గ్రీజు తేనెపాకంలా సాగుతోంది. ఆటోమేటిక్ మెకానిజం మొత్తం విప్పి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో, అంటే ఒక రకం స్పిరిట్‌తో కడిగి, కొత్త నూనె, గ్రీజు అవసరమైన చోట్లే పెట్టాను. ఈ కంపెనీ ప్లేయర్లలో ఒక బుల్లి రబ్బరు తొడుగు ఉంటుంది, బియ్యపు గింజంత. చెయ్యి ఎక్కడ వాలాలో, ఎప్పుడు లేవాలో ఆ తొడుగు పట్టు మీదే ఆధారపడుతుంది. ఇది ఎండి పొడైపోతే చెయ్యి రికార్డు దాకా వెళ్ళకుండానే వెనక్కి వచ్చేస్తుంది. దీనికి కొత్తది తెప్పించక్కర్లేదు. సైకిల్ షాపులో దొరికే వాల్వ్ ట్యూబ్ చిన్న ముక్క కోసి తొడిగితే సరిగ్గా కూర్చుంటుంది.

పుల్లీ బిగించడంలో ఒక్క జాగ్రత్త. ఎత్తు. రబ్బరు చక్రం ప్రతి మెట్టుకీ మధ్యలో ఆనాలి. స్క్రూ బిగించాక మూడు స్పీడులూ మార్చి చూసుకుని, నాబ్ మధ్యలో ఉన్నప్పుడు 33⅓ సరిగ్గా వచ్చేలా పెట్టాను. ఈసారి పరీక్షకి 180 గీతల కార్డు ప్రింట్ తీసుకున్నాను. 45 వరుసకి 133 గీతలు, 78 వరుసకి 77. 6000ని 77తో భాగిస్తే 77.92 వస్తుంది. 50 హెర్ట్జ్ దేశాల్లో 78 అంటే ఆ వేగమే. మన గ్రిడ్ ఫ్రీక్వెన్సీ 50 చుట్టూ కొద్దిగా ఊగుతుంటుంది. ఆ ఊపు ఎంత మంచి చెవికైనా అందనంత చిన్నది. గీతలు నిలబడ్డాయి. కాగితం ముక్క లెక్క కూడా సరిపోయింది. మాస్టారు అవేవీ చూడలేదు, శ్రుతి పెట్టె ఆన్ చేసి కళ్ళు మూసుకున్నారు. ఎల్‌పీ మొదటి పాట పల్లవి అయ్యాక తల ఊపారు. నాకు అప్పటిదాకా ఉన్న టెన్షన్ దిగింది.

78 ప్లేట్ల విషయంలో స్పీడు ఒక్కటే సరిపోదు. ఎల్‌పీ సూది కొన సుమారు 0.7 మిల్ (మిల్ అంటే అంగుళంలో వెయ్యో వంతు), అంటే 18 మైక్రాన్లు. లక్క ప్లేటు గాడి చాలా వెడల్పు, దానికి 3 మిల్ సూది కావాలి. సన్న సూది ఆ గాడి అడుగున దుమ్ములో ఈదుతుంది, గోడలని తాకదు. గరగర తప్ప గొంతు వినపడదు. షాపు వాళ్ళు మార్చింది ఎల్‌పీ సూది కాబట్టి నాగయ్య ప్లేట్లు దాంతో ఎప్పటికీ బాగా పలకవు. ఈ ప్లేయర్ కార్ట్రిడ్జ్, అంటే సూది తగిలించే ముక్క, షూర్ కంపెనీది. వాళ్ళు 2018లో రికార్డు కార్ట్రిడ్జ్‌లు చేయడం మానేశారు. అదృష్టవశాత్తూ వేరే కంపెనీల సూదులు దొరుకుతాయి, 78ల సూది విడిగా తెప్పించాం. ప్లేటు మార్చినప్పుడల్లా సూది తొడుగు లాగి మార్చుకోవాలి, మాస్టారికి అది రెండు నిమిషాల్లో అలవాటైంది. ఆ ప్లేట్లు స్టీరియో రాకముందువి కాబట్టి యాంప్లిఫైయర్‌లో మోనో నొక్కితే గరగర చాలావరకు తగ్గుతుంది. ఇప్పటి ఫోనో ప్రీయాంప్‌లు, అంటే సూది నుంచి వచ్చే సన్నని సిగ్నల్‌ని పెంచే పెట్టెలు, అమెరికా రికార్డు కంపెనీల సంఘం ఆర్‌ఐఏఏ పెట్టిన 1954 నాటి లెక్క ప్రకారం ట్రెబుల్ తగ్గిస్తాయి. 78లకి ఆ లెక్క వర్తించదు, కాబట్టి ట్రెబుల్ కాస్త పెంచుకోమన్నాను.

కడగడంలో మాత్రం గట్టిగా హెచ్చరించాను. ఎల్‌పీలు, ఈపీలు వినైల్. వాటికి డిస్టిల్డ్ వాటర్లో కొంచెం ఐసోప్రొపైల్ కలిపి తుడవొచ్చు. లక్క ప్లేటుకి స్పిరిట్ చుక్క తగిలిందా, లక్క కరిగి గాడి పోతుంది. వాటికి ఒట్టి డిస్టిల్డ్ వాటర్, మెత్తని బ్రష్, అంతే. బోరు నీళ్ళు దేనికీ వద్దు, ఎండాక గాడిలో తెల్లగా ఉప్పు మిగులుతుంది. మాస్టారు రికార్డులు అటక మీద, డాబా కప్పు కింద పెట్టేవాళ్ళు. తిరుపతి ఎండకి అక్కడ వినైల్ వంకర తిరగకుండా ఎలా ఉంటుంది? కొన్ని ఎల్‌పీలు గిన్నె మూతలా వంగి ఉన్నాయి. కింది గదిలో బీరువాలోకి మార్పించి, నిలువుగా, ఒకదానికొకటి ఆనేలా పెట్టించాను. మాకు అసలైన వాన అక్టోబరు నుంచి డిసెంబరు దాకా పడుతుంది. ఆ నెలల్లో బీరువా రోజూ కాసేపు తెరిచి ఉంచమన్నాను, లేకపోతే అట్టల మీద బూజు పడుతుంది.

ఒక ఈపీ మాత్రం కుదరలేదు. నడిమి రంధ్రం మధ్యలో లేదు, అచ్చు వేసినప్పుడే అర మిల్లీమీటరు పక్కకి పోయింది. అంత తేడాకే, లోపలి పాట దగ్గర శ్రుతి ప్రతి చుట్టుకీ అటూ ఇటూ సుమారు పద్నాలుగు సెంట్లు (సెంటు అంటే అర స్వరంలో వందో వంతు) ఊగుతుంది. సుశీల గొంతులో లేని ఊపు అది. రంధ్రం కొంచెం వెడల్పు చేసి నడిమికి జరిపి పెట్టుకోవచ్చు, నేను చాలాసార్లు చేశాను. మాస్టారు ఒప్పుకోలేదు. "కంపెనీవాళ్ళు ఎట్ల ఇచ్చినారో అట్లే ఉండనీ. ఇది ఎందుకు ఊగతా ఉండాదో నాకు తెలిసింది, చాలు" అన్నారు. ఆ ఈపీ అట్ట మీద పెన్సిల్‌తో ఒక మూల గుర్తు వేసుకుని పెట్టేశారు.

పాత 60 హెర్ట్జ్ పుల్లీని పారేయలేదు. చిన్న ప్లాస్టిక్ కవరులో వేసి, చెక్క పెట్టె లోపల టేపుతో అంటించి, పక్కన కాగితం మీద ఏ పుల్లీ ఏ దేశానికో రాసిపెట్టాను. ప్లేయర్‌ని ఎప్పుడైనా కొడుకు తిరిగి తీసుకెళితే, ఇప్పుడున్న పుల్లీతో అక్కడ 33⅓ కాస్తా 40 అవుతుంది. శ్రుతి అదే సాధారణ గాంధారం మేరకు ఈసారి పైకి పోతుంది. అక్కడ ప్లగ్గులో పెట్టే ముందు పుల్లీ మార్చుకోవాలని కొడుక్కి కూడా ఫోన్‌లో చెప్పాను.